తేలికైన డబ్బా

పేగు మెలిపడి కుళ్లిపోతే పార్వతీదేవికి ఆపరేషన్ చేసి ముప్పై ఎనిమిది రోజులైంది. చెడినంత మేరా కోసి తీసేశారు. మిగిలిన పేగు కొసల్ని పొట్ట మీదికి తెచ్చి అక్కడ ఒక సంచి అంటించారు. ఆ కొసల్ని మళ్లీ కలిపే రెండో ఆపరేషన్ అయ్యేదాకా నోటితో ఏమీ తినకూడదు. మెడ పక్క నరంలోంచి పాలలాంటి తెల్లని ద్రవం రోజుకొక సంచి చొప్పున ఒంట్లోకి ఎక్కుతోంది. అన్నమూ పప్పూ నెయ్యీ అన్నీ అదే. పగలు కోడలు అనూరాధ, రాత్రి కూతురు హైమ ఆమె మంచం దగ్గర ఉంటున్నారు. ఎక్కించిన ప్రోటీన్ ఒంట్లో నిలుస్తోందో లేదో తేల్చడానికి ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టి పంపమన్నారు డాక్టర్ నరసింగరావు. గురువారం రిపోర్టు వచ్చింది. ప్లస్ ఒకటి. సోమవారం పొద్దున్నే ఆపరేషన్ పెట్టుకుందామన్నారు. హైమ నర్సులందరికీ పాలకోవా పంచింది. ఆ డబ్బాలో ఉన్నది సగం రోజు మూత్రమేనని అనూరాధకి తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి అనూరాధ అత్తగారి చేతులు తడిగుడ్డతో తుడుస్తోంది. ముంజేతి దగ్గర మొదలుపెట్టి పైకి పోయే కొద్దీ గుడ్డ కింద ఎముక తగులుతోంది. తమ దుకాణంలో కూలీ రాని రోజున పసుపు బస్తా మూతి తనే బిగించి కుట్టిన చెయ్యి అది. ఇప్పుడు మోచేతి పైన చర్మం దూది తీసేసిన దిండు గలీబులా వేలాడుతోంది.

ప్లస్ ఒకటి అంటే ఏమిటో హైమ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ప్రోటీన్ అరిగితే అందులోని నత్రజని మూత్రంలో పోతుంది. లోపలికి వెళ్లినదానికంటే పోయింది తక్కువైతే కండ పడుతున్నట్టు. ఎక్కువైతే ఒళ్లు తన కండను తనే తింటున్నట్టు. హైమ ఎచ్చెర్లలో యూనివర్సిటీ పిల్లలకి ఈ పాఠాలే చెబుతుంది. అనూరాధ చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. అయినా ఆ బొమ్మ ఆమెకి అర్థమైంది. అర్థమైనప్పటి నుంచే ఆమెకి భయం పట్టుకుంది. కాగితం కండ పడుతోందంటోంది. చేతికి తగులుతున్నది వేరే.

"ఏటే అలగ పిసుకుతన్నావు, చపాతీ పిండి అనుకున్నావేటి?" అంది పార్వతీదేవి, కళ్లు తెరవకుండానే.

"నొప్పెట్టిందా అత్తయ్యా?"

"నొప్పెట్టడానికి అక్కడేటున్నాది? సూడు, గాజులు సంకలోకి పోతన్నాయి." చెయ్యి ఎత్తబోయి సగంలోనే దించేసింది. "ఆ సంచీలో అన్నీ ఉన్నాయని మీ వదిన సెప్తాది. ఉప్పుందా అంటే ఉందంటాది. కారం ఉందా అంటే నవ్వుతాది. కారం లేని తిండి తిండేనా?"

"ఆపరేషన్ అయిపోతే నెమ్మదిగా నోటికి ఇస్తారట."

"ఇస్తే ముందు ఇంగువేసి చారు పెట్టు. నువ్వే పెట్టు. హైమ పెడితే మందు కొలిచినట్టు కొలిచి పెడతాది."

అనూరాధకి నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఇంకొకటి వచ్చింది. ఈ మాట హైమ ముందు అంటే ఎంత బాగుండును. అనదు. హైమ వచ్చే వేళైతే అత్తగారి మొహం తలుపు వైపు తిరుగుతుంది. అనూరాధ ఆమె తల దువ్వుతున్నా సరే, తిరుగుతుంది. అప్పుడు దువ్వెన పాపిట తప్పుతుంది. ఎన్నోసార్లు తప్పింది. తప్పినప్పుడల్లా అనూరాధ మళ్లీ మొదటి నుంచి పాపిట తీస్తుంది, ఏమీ జరగనట్టు.

ఈ అసూయకి ఆమె పేరు పెట్టలేదు. చాలాకాలం అది అలసట అనుకుంది. పదకొండేళ్ల కిందట నరసన్నపేట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, మొదటి నెల రోజుల్లోనే అత్తగారు ఒకరోజు ఆమె జడ విప్పి నూనె రాసింది. తొమ్మిదో ఏట తల్లి పోయాక అనూరాధ తలకి ఇంకొకరు నూనె రాయడం అదే. ఆ రోజు నుంచి ఆమె ఆ చేతుల కోసమే ఆ ఇంట్లో పని చేసింది. భర్త ప్రమోద్ మంచివాడే. కానీ రాత్రి పడుకునేటప్పుడు ఆమె నెమరు వేసుకునేవి భర్త మాటలు కావు, అత్తగారివి. ఇవాళ ఏమంది, ఏ గొంతుతో అంది, అందులో తనకెంత, కూతురికెంత.

హైమ పుట్టింటికి వస్తే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గడపలో కాళ్లకి పసుపు రాస్తారు. పీట వేసి కూర్చోబెడతారు. తిన్న కంచం ఎత్తనివ్వరు. ఇంటి ఆడపడుచు గౌరీదేవితో సమానం, ఆమె చేత ఎంగిలి ఎత్తిస్తే ఇంటికి మంచిది కాదు. ఆ కంచం పదకొండేళ్లుగా అనూరాధ ఎత్తుతోంది. ఆమెకి పీట వేసే పుట్టిల్లు లేదు.

తవిటమ్మ తడిబట్ట కర్ర పట్టుకుని గదిలోకి వచ్చింది. ఆమె ఆసుపత్రి ఆయా, ఈ నెలంతా రాత్రి పని చేసింది. మంచం కింద తుడుస్తూ, "పెద్దమ్మగోరూ, నాకు పగలు డూటీ ఏసేసినారు. రేత్రికి ఇంకో మనిసొస్తాది. మీ సంగతి దానికి సెప్పే ఎల్తాను, బయమెట్టుకోకండి" అంది.

పార్వతీదేవి కళ్లు తెరిచింది. "సర్లే, నీ పని నువ్వు సూసుకో."

"ఏ సంగతి?" అంది అనూరాధ.

తవిటమ్మ ఒకసారి మంచం వైపు చూసింది. అడిగింది కోడలే కదా అనుకున్నట్టుంది. "ఏటున్నాది తల్లీ, ఆ బెడ్‌పాను సంగతే. రేత్రిపూట పెద్దమ్మగోరు నాకు సైగ సేస్తారు. అమ్మాయిగోర్ని నోరు పుక్కిలించడానికి ఏడినీళ్లు తెమ్మని కిందికి పంపిస్తారు. ఆయమ్మ మెట్లు దిగేసరికి నేను తీసీసి పారబోసేస్తాను. డబ్బాలో పోస్తే ఆయమ్మ ఎత్తి కొలవాల గదా. ఆడపడుసు చేత అలాటిది ఎత్తిస్తే పాపమంట. మా ఇళ్లల్లో అలాటిదేటీ లేదు తల్లీ, మా ఆడపడుసు వస్తే చేపలు కూడా దాని చేతే కోయిస్తాం." తనే నవ్వుకుంటూ బకెట్ ఎత్తుకుని బయటికి పోయింది.

అనూరాధ చేతిలో గుడ్డ నుంచి నీరు మంచం మీద కారుతోంది. ఆమె చూసుకోలేదు.

ఈ నాలుగు రోజులూ ఆమె తన మనసులో ఒక బొమ్మ కట్టుకుంది. హైమ కుర్చీలో తల వాల్చి నిద్రపోతోంది. అత్తగారు పిలుస్తోంది. హైమ లేవదు. చివరికి ఎవరో నర్సు వచ్చి బెడ్‌పాన్ తీసి ఎక్కడో పోస్తుంది. ఆ బొమ్మని ఆమె ఎంత ఇష్టంగా చూసుకుందో ఇప్పుడు, అది చెదిరిపోయాక, తెలిసింది.

డబ్బా సంగతి ఆమెకి బుధవారం పొద్దున్నే తెలుసు. మంగళవారం పొద్దున్న ఆరు నుంచి బుధవారం ఆరు దాకా పట్టాలి. సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు డబ్బా మీది స్టిక్కర్ కింది అంచు దాకా ఉంది. బుధవారం పొద్దున్న వచ్చి చూస్తే అదే అంచు దగ్గర ఉంది. ఎత్తి చూసింది. అదే బరువు. రాత్రంతా ఏమైనట్టు? కిటికీ దగ్గర హైమ తల దువ్వుకుని, ల్యాబ్ కాగితం మీద పేరు రాస్తోంది. అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది. మళ్లీ ఒక రోజు పట్టేవారు. అనూరాధ అడగలేదు. రిపోర్టు తప్పు వస్తుంది, తప్పెక్కడ జరిగిందని డాక్టర్ ఆరా తీస్తాడు, రాత్రి చూసుకున్న మనిషి చదువు ఎంతటిదో అందరికీ తెలుస్తుంది, అనుకుంది. సగం డబ్బా అంటే సున్నా లెక్క వస్తుందని, దాన్ని ల్యాబ్ వాళ్లు వెనక్కి పంపుతారని ఆమె ఊహ.

తక్కువ మూత్రం అంటే తక్కువ నష్టమని, సగం డబ్బా మంచి రిపోర్టు అవుతుందని ఆమెకి తోచలేదు. రెండు వారాల కిందట మూత్రానికి గొట్టం వేసి ఉన్నప్పుడు లెక్క మైనస్ ఐదు. సంచీలో ప్రోటీన్ పెంచమని హైమ డాక్టర్‌తో వాదించి పెంచింది. జ్వరం వచ్చి గొట్టం తీసేశారు. ఇప్పుడు ప్లస్ ఒకటి. హైమ గెలిచింది. ఆమెని పట్టిద్దామని అనూరాధ మూసుకున్న నోరే ఆమెని గెలిపించింది.

"ఎందుకలా చేశారు అత్తయ్యా?" అంది చివరికి.

"మరేటి చెయ్యమంటావు? అది పుట్టిన నాటి నుంచి దాని చేత చీపురు పట్టించలేదు. ఇప్పుడు పోయేకాలంలో ముట్టించమంటావా?"

"నాచేత..."

ఆ మాట తనంతట తనే వచ్చేసింది. మిగతాది నోట్లోనే ఆగింది.

పార్వతీదేవి ఆమె వైపు చూసింది. కొంచెం సేపు ఊపిరి తీసుకుంది, ఈ మధ్య మాటకీ మాటకీ నడుమ ఆమెకి అలా ఆగాల్సి వస్తోంది. "నీచేత అంటే నాకు సిగ్గేటే? సిగ్గు పరాయోళ్ల దగ్గర. అది గౌరీదేవి. దేవుడి ముందు బట్ట సరిజేసుకుంటాం. నీ ముందు అక్కర్లేదు." తర్వాత గొంతు తగ్గించింది. "అయినా నీకు తెలుసుగా."

"ఏంటత్తయ్యా?"

"దొంగముండా, నాకు తెలీదనుకున్నావేటి. ఆ పొద్దున్న వచ్చి డబ్బా ఎత్తి సూసేవు. తేలిగ్గా ఉన్నాదని నీకు తెలిసిపోయింది. నా మొకం సూసేవు. అడుగుతావు, హైమ ముందు నా గుట్టు పోతాది అని నేను బిగబట్టుకున్నాను. నువ్వు డబ్బా కింద పెట్టేసేవు. ఒక్క మాట అన్లేదు." ఆమె చెయ్యి మంచం మీద పాకుతూ వచ్చి అనూరాధ మణికట్టు పట్టుకుంది. బలం లేని పట్టు, అయినా పట్టే. "కడుపున పుట్టినదైనా అంత కనిపెట్టదే. ఆ రోజు నుంచి అనుకుంటన్నాను, ఇది నా మనిషి అని."

పదకొండేళ్లుగా అనూరాధ ఏ మాట కోసం కాచుకుందో అది వచ్చింది. తన కోసం వచ్చింది, హైమ లేని గదిలో, హైమ కంటే ఎక్కువని చెబుతూ వచ్చింది. ఆమె ఒళ్లంతా వేడెక్కింది. ఆ వేడిలో ఒక్క క్షణం ఆమె నిజంగానే అలాంటి మనిషి అయిపోయింది. అత్తగారి గుట్టు కాపాడడానికే ఊరుకుంది, అంతే. అలా జరిగి ఉండొచ్చు కదా. మనసులో ఏమనుకుందో ఎవరు చూశారు?

తర్వాత ఆ వేడి దిగింది. మణికట్టు మీద ఉన్న అయిదు వేళ్లలో కండ అన్నది లేదు. సోమవారం ఆ పొట్ట మళ్లీ కోస్తారు. కండ పడుతోందని నమ్మి కోస్తారు.

*

హైమ మూడుంబావుకి వచ్చింది. శనివారాలు ఆమెకి ఒంటిపూట. చేతిలో రాత్రికి బట్టల సంచి, భుజాన బ్యాగు, బస్సు దుమ్ము. వస్తూనే తల్లి నుదుటి మీద చెయ్యి వేసి, మందు సంచి మీది లెక్క చూసి, "అమ్మా, ఇంకా రెండు రోజులే" అంది. పార్వతీదేవి మొహం ఎప్పటిలాగే అటు తిరిగింది. అనూరాధ అది చూసింది. ఇవాళ అది ఆమెని అంతగా కుట్టలేదు. దాని బదులు ఇంకేదో కుట్టింది.

"వదినా, ఒకసారి బయటికి రండి."

వరండా చివర రోగుల బట్టలు ఆరేసే చోటు ఉంది. అక్కడ తడి దుప్పట్ల మధ్య నిలబడి అనూరాధ చెప్పింది. రాత్రి మూత్రం డబ్బాలో పడలేదని, తవిటమ్మ పారబోసిందని, ఎందుకో కూడా చెప్పింది. బుధవారం పొద్దున్న డబ్బా ఎత్తి చూసిన సంగతి చెప్పలేదు.

హైమ బ్యాగులోంచి పెన్ను తీసింది. బస్సు టికెట్ వెనక లెక్క వేసింది. లోపలికి వెళ్లింది డెబ్బై గ్రాములు, అందులో నత్రజని పదకొండు చిల్లర. సగం రోజుకి ఆరు పోతే రోజంతటికీ పన్నెండు పదమూడు. చెమటలో, మలంలో, ఇతరత్రా పోయేది ఇంకో నాలుగు. కింద గీత గీసి, గీత కింద మైనస్ ఆరు అని రాసింది. ఆ ఆరుని రెండుసార్లు దిద్దింది.

"గ్రాము నత్రజని అంటే దగ్గర దగ్గర ముప్పై గ్రాముల కండ," అంది ఎవరికో పాఠం చెబుతున్నట్టు. "రోజుకి నూట ఎనభై. రోజుకి అంత కండ కరిగిపోతోంది మా అమ్మకి. నేను కోవా పంచాను."

"మీకు అనుమానం రాలేదా వదినా? రాత్రంతా ఒక్కసారి కూడా..."

"అమ్మని అడిగాను. నీళ్లన్నీ పొట్ట సంచీలోకే పోతన్నాయి, ఇటు రావట్లేదు అంది. అలా జరుగుతుంది కూడా." హైమ టికెట్‌ని మడిచింది, మళ్లీ విప్పింది. "రిపోర్టులో క్రియాటినిన్ అని ఇంకో లెక్క ఉంటుంది. డబ్బా నిండా పట్టామో లేదో అది పట్టిస్తుంది. సగమే ఉంది. చూశాను. ఒళ్లు తగ్గిపోయింది కాబట్టి అది కూడా తగ్గిందిలే అనుకున్నాను. పిల్లలెవరైనా పరీక్షలో అలా రాస్తే సున్నా వేసేదాన్ని. అలా అనుకోవాలని ఉండి అనుకున్నాను."

అనూరాధ దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. వదిన ఇలా మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంతలో హైమ గొంతు మారిపోయింది. చదువుకున్న గొంతు పోయి, ఆ ఇంట్లో పెరిగిన గొంతు వచ్చింది.

"ఏడినీళ్లు తెమ్మని ఎన్నిసార్లు పంపిందో తెలుసా? నాకేటి తెలుసు. మా అమ్మకి నీళ్లు కావాలని పరిగెట్టుకుని దిగేదాన్ని. మోకాళ్లు నొప్పులు. ముప్పై ఎనిమిది రాత్రులు పక్కన కూచున్నాను అనూ. ఆవిడ ఒంటి మీద నేను చెయ్యేసింది జ్వరం సూడ్డానికే. నువ్వు పొద్దున్నే వస్తే ఆవిడ కాళ్లు సాపుతాది. నేను సూశాను. నువ్వొచ్చేదాకా బిగదీసుకుని ఉంటాది, నీ అడుగు వినపడగానే ఒళ్లు వదిలేస్తాది. నాకు పసుపు రాసి పీటేసి దూరంగా కూకోబెట్టారు మీరంతా. నువ్వు ఆవిడ మలం ఎత్తుతావు, ఆవిడ నీతో పోట్లాడతాది, నీ చేతి చారే కావాలంటాది. నన్ను సూసి నవ్వుతాది. సుట్టాన్ని సూసి నవ్వినట్టు."

ఒకామె బెడ్‌పాన్ కోసం ఏడుస్తుందని, పైగా తన మీద ఏడుస్తుందని అనూరాధ ఎన్నడూ అనుకోలేదు. ఆమెలో ఒక సంతోషం లేచింది. మంచి సంతోషం కాదది, దాని రుచి ఆమెకి తెలుసు. ఎదుటి మనిషి కళ్లు తుడుచుకుంటుంటే నిలబడి చూస్తూ దాన్ని చప్పరించింది. చప్పరిస్తున్నానని తెలిసి కూడా వెంటనే ఉమ్మెయ్యలేకపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది హైమ హఠాత్తుగా.

"ఇప్పుడే. తవిటమ్మ చెప్పింది."

"డబ్బా నువ్వే కదా ల్యాబ్‌కి పట్టుకెళ్లావు."

"అవును."

హైమ ఆమె కళ్లలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. తర్వాత టికెట్ బ్యాగులో వేసుకుని, "పద, సార్ వచ్చే వేళయింది" అంది.

*

డాక్టర్ నరసింగరావు నిలబడే విన్నారు. విశాఖపట్నంలో చదివి, పాతికేళ్లుగా విజయనగరంలోనే కత్తి పట్టిన మనిషి. ఆయనకి కోపం వస్తే గొంతు ఇంకా మెత్తబడుతుందని నర్సులు అంటారు. చాలా మెత్తగా అన్నారు.

"అంటే మనం చూసింది పగటి లెక్క."

"అవును సార్," అంది హైమ. "తప్పు నాది. రాత్రి బాధ్యత నాది."

"తప్పులు తర్వాత పంచుకుందాం. సోమవారం వద్దు." జేబులోంచి చిన్న డైరీ తీసి పేజీ మీద అడ్డంగా గీత గీశారు. "అమ్మా, బట్టకి బట్ట కుట్టినట్టు కాదిది. నేను దారం వేస్తాను, అంతే. అతికించుకోవాల్సింది ఆ ఒళ్లు. లోపల సరుకు లేకపోతే అయిదో రోజుకి కుట్టు వదిలేస్తుంది. అప్పుడు మళ్లీ తెరవడానికి నాకు మనిషి మిగలదు." ఆయన అనూరాధ వైపు తిరిగారు. "ఈ మాట సోమవారం సాయంత్రం చెప్పకుండా ఇవాళ చెప్పారు. అదే పదివేలు. రేపు ఆరింటి నుంచి మళ్లీ పడదాం. ముందు ఆవిడకి నేనే చెప్తాను. ఆడపడుచులూ గౌరీదేవులూ నా వార్డులో వద్దని."

ముగ్గురూ గదిలోకి వెళ్లారు. పార్వతీదేవి దుప్పటి గుండెల దాకా లాక్కుంది. డాక్టర్ స్టూలు లాక్కుని కూర్చుని, తవిటమ్మ పేరు ఎత్తకుండా, జరిగినదంతా చెప్పారు. సోమవారం లేదన్నారు. ఆ డబ్బా ఎందుకు పట్టమన్నారో, అది తప్పితే సోమవారం ఏమయ్యేదో, మెత్తగా, ఒక్కటీ దాచకుండా చెప్పారు.

పార్వతీదేవి అంతా వింది. "అంటే నా చావు నేనే కొలిసి పంపించేనన్నమాట" అంది.

"అంతమాట వద్దమ్మా. మీకు తెలీదు."

"నాకు తెలీదు బాబూ. అది ఏదో కండల లెక్కని తెలిస్తే చెయ్యను. ఈ పిల్లల్ని ఏటీ అనకండి. పెద్దదానికి అసలు తెలీనే తెలీదు, దాన్ని కిందికి తరిమేసేను." ఆమె చెయ్యి మళ్లీ అనూరాధ చేతిని వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది. "ఇదొక్కతే కనిపెట్టింది. ఆ పొద్దున్నే డబ్బా ఎత్తి సూసి తెలుసుకుంది. నా పరువు పోతాదని నోరు మూసుకుంది. నా కోసం. దాన్ని మటుకు ఏటీ అనకండి."

గదిలో మందు చుక్కలు పడడం ఆగలేదు. మిగతా అన్నీ ఆగినట్టు అనిపించింది అనూరాధకి.

మంచం కాళ్ల వైపు నిలబడ్డ హైమ తల ఎత్తింది. ఇందాక వరండాలో చూసిన చూపే, ఈసారి మధ్యలో ఆగలేదు. డాక్టర్ డైరీ మూసి ఆమె వైపు చూశారు. "బుధవారమే తెలుసా అమ్మా మీకు?"

ఒప్పుకోవడానికి దారి చాలా సులువుగా ఉంది. తల ఊపితే చాలు. తెలుసండీ, అత్తయ్య బాధపడతారని చెప్పలేదు. చదువుకోని కోడలు, ప్రేమ కొద్దీ చేసిన తప్పు. డాక్టర్ మందలించి వదిలేస్తారు. ప్రమోద్ రేపు దుకాణంలో నలుగురికీ చెప్పుకుంటాడు. పార్వతీదేవి బతికినన్నాళ్లూ ఆ మాట చెబుతుంది, వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, హైమ ముందు కూడా చెబుతుంది. పదకొండేళ్లుగా కోరుకున్నదంతా ఆ ఒక్క తల ఊపులో ఉంది. దానికి బదులు ఇవ్వాల్సింది ఏమీ లేదు కూడా. ఆపరేషన్ ఎలాగూ ఆగింది.

కానీ తల ఊపితే, ఈ చెయ్యి ఇక ఎప్పుడు తనని పట్టుకున్నా, అది అత్తగారు అనుకుంటున్న ఆ బుధవారం నాటి అనూరాధని పట్టుకుంటుంది, లేని మనిషిని. తను పక్కనే నిలబడి చూస్తూ ఉండాలి. హైమని చూసి ఏడ్చినట్టే ఆ లేని మనిషిని చూసి ఏడవాలి, బతికినన్నాళ్లూ. అంతవరకు ఆమెకి స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత ఏమవుతుందో కనిపించలేదు.

"తెలుసండీ," అంది డాక్టర్‌తో. తర్వాత మంచం వైపు వంగింది. చేతిని వెనక్కి తీసుకోలేదు. ఆ వేళ్లు తమంతట తాము వదిలేస్తాయేమో చూద్దామన్నట్టు అలాగే ఉంచింది.

"మీ కోసం ఊరుకోలేదత్తయ్యా."

పార్వతీదేవికి వెంటనే అర్థం కాలేదు. కోడలి మొహం చూసింది, కూతురి మొహం చూసింది, మళ్లీ కోడలి మొహం చూసింది. ఊపిరి కోసం ఆగింది. వేళ్లు ఇంకా వదలలేదు.

"మరెవరి కోసమే?" అంది.